గొంగడి కింద ఆవిరి

మా ముత్తాత రామలింగ వైద్యులు గద్వాల సంస్థానంలో ఆస్థాన వైద్యులు. ఆయన కుమారుడు, మా తాత శేషగిరి వైద్యులు, రోగిని చూడటానికి బయలుదేరితే ముందు దివిటీ పట్టేవాడు, వెనుక మందులపెట్టె మోసేవాడు నడిచేవారు. వైద్య ఇనాం కింద కృష్ణ ఒడ్డున మాకు మాగాణి ఉండేది. మా నాన్నగారి కాలానికి మాగాణి పోయింది, దివిటీ పోయింది, ఇంటిపేరు మిగిలింది. ఈ సంగతులు గొప్పకు చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అదే విద్యను నేను ప్రభుత్వ కళాశాలలో చదివి, పరీక్ష రాసి, ప్రభుత్వ ఆయుర్వేద వైద్యాధికారిగా ఉద్యోగం చేశాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో నా ఆఖరి పోస్టింగు వచ్చింది. వనపర్తి జిల్లాలో, పెబ్బేరుకు దగ్గరి ఒక ఊరి ఆయుర్వేద దవాఖాన. రెండు గదులు, ఒక వసారా. నా కింద కాంపౌండరు ఖాసిం ఒక్కడే. ఆయుర్వేద దవాఖాన అంటే చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర పడకలుండవు, సెలైనుండదు, ఆక్సిజన్ అసలే ఉండదు. వచ్చిన రోగిని చూసి, నాడి పట్టి, పై ఆఫీసు నుంచి వచ్చే చూర్ణాలు, తైలాలు, లేహ్యాలలో తగినది ఇచ్చి పంపుతాం. సరుకు అయిపోతే ఇండెంటు పెట్టి ఎదురుచూస్తాం. ఆ ఎదురుచూపు కాలంలో రోగికి చెప్పగలిగేది వంటింటి మందే. అందుకే చిట్కా వైద్యమని ఎవరైనా చులకనగా మాట్లాడితే నేను ఒప్పుకోను. చిట్కాకు కూడా కొలత ఉంది, వేళ ఉంది, ఎవరికి కూడదో చెప్పే హద్దు ఉంది.

మా వైపు వినాయక చవితి దాటగానే చేల గట్ల మీద, రోడ్డు పక్కన వయ్యారిభామ తెల్లగా పూస్తుంది. వెంటనే తుమ్ములు మొదలవుతాయి. కళ్లు దురద, ముక్కు కారడం, అంగిలి జిలపెట్టడం. జనం దీన్ని సర్ది అంటారు, మా శాస్త్రం ప్రతిశ్యాయం అంటుంది, పట్నంలో అలర్జీ అంటారు. దీపావళి దాకా మా వసారాలో సగం మంది ఈ రోగులే. వాళ్లకు నేను చెప్పేవి ఇవి. చేను నుంచి రాగానే ముఖం, చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవాలి. కాచని నీళ్లు పనికిరావు, ఈ మాట రెండుసార్లు చెప్పేవాణ్ణి. పొద్దున ఒక్కో ముక్కులో రెండు చుక్కలు గోరువెచ్చని నువ్వుల నూనె వేసుకోవాలి. రాత్రి పాలలో పసుపు, మిరియాల పొడి. ముక్కు మరీ బిగిస్తే వావిలాకు వేసి మరిగించిన నీళ్ల ఆవిరి, అదీ పెద్దవాళ్లకు మాత్రమే. పిల్లలను మరిగే గిన్నె దగ్గర కూర్చోబెట్టకూడదు.

ఇవన్నీ ముక్కుకు, గొంతుకు పనిచేస్తాయి. ఛాతీకి కాదు. ఈ హద్దు దగ్గరే నేను చెప్పబోయే సంగతి జరిగింది.

మంజుల అనే అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు ఖాసిం చీటీ రాయడం ఆపి చేతులు కట్టుకున్నాడు. “సార్, ఈ పిల్ల తుమ్మితే బల్ల మీది కాయితాలు ఎగిరిపోతున్నయి, జర తుమ్ముడు అయిపోయినంక రాస్త” అన్నాడు. ఆ అమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే జవాబిచ్చింది. “నవ్వు కాకా, నవ్వు. నేను పోలీసయినంక మొదటి చలాన్ నీ స్కూటర్‌కే రాస్త.”

ఆమె తండ్రి కుర్మయ్య కురుమ కులస్తుడు. గొర్లు మేపుతాడు, ఇంట్లో గొంగళ్లు నేస్తాడు. మంజుల డిగ్రీ అయ్యాక కానిస్టేబులు ఉద్యోగానికి రాత పరీక్ష మొదటి మెట్టు దాటింది. కార్తీకం వెళ్లాక పరుగు పరీక్ష ఉంది. ఎనిమిది వందల మీటర్లు, ఇచ్చిన సమయంలోపు పూర్తి చేయాలి. “సారు, గా దినం ఊపిరి అందకపోతే నా కథ ఒడిసినట్టే. ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో దేవునికే తెల్వదు” అంది. ప్రతి ఏడూ ఈ కాలంలో తుమ్ములు వస్తాయని, దసరా దాటాక ఛాతీ పట్టేస్తుందని కూడా చెప్పింది. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాను. ఆ రోజు శుభ్రంగా ఉంది. పిల్లికూతలాంటి శబ్దం వస్తే మాత్రం నా దగ్గరకు కాదు, నేరుగా పెద్ద దవాఖానకు పోవాలని చెప్పి, ముక్కుకు పైన రాసిన పద్ధతులన్నీ చెప్పి పంపాను.

మొదట్లో తగ్గింది. ఊరి బయట రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తుతూ నాకు కనిపించేది. బతుకమ్మ రోజుల్లో తిమ్మాజిపేటలో ఉన్న చిన్నమ్మ ఇంటికి వెళ్లి వచ్చింది. వచ్చిన వారానికి మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గు కూడా ఉంది. తోడుగా ఆమె నాయనమ్మ మల్లమ్మ వచ్చింది. బక్కపలుచని మనిషి, గొంతు మాత్రం గొర్ల మందను మళ్లించే గొంతు. నేను అడిగిన ప్రతిదానికీ ఆమే జవాబు చెప్పింది. నీళ్లు కాచే పెడుతున్నది. నూనె వేస్తున్నది. వావిలాకు రోజూ తెచ్చేది తనే. ఆవిరి రెండు పూటలా పట్టిస్తున్నది. “ఉడుకు బయటికి పోకుంట నేనే కప్పుతున్న సారు. గింత సందు గూడ ఇయ్య” అంది. ఆవిరి పట్టిన ప్రతిసారీ దగ్గు ఎక్కువవుతోందని మంజుల అంది. “రోగం బయటికొస్తున్నది బిడ్డా, గందుకే దగ్గు” అని ముసలామె సర్దిచెప్పింది.

నాకు ఆ మాట నచ్చలేదు. ఒక మందు వేసిన ప్రతిసారీ బాధ పెరుగుతుంటే, రోగం బయటికొస్తున్నదని అనుకోవడం వైద్యం కాదు. ఆవిరి ఆపమన్నాను. గొట్టం పెడితే ఊపిరి వదిలే చివర సన్నటి ఈల వినిపించింది. వనపర్తి వెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించమని రెఫరల్ చీటీ రాసి ఇచ్చాను. రెఫరల్ అంటే మా పరిధి దాటిన రోగిని పై దవాఖానకు అప్పగించడం. వాళ్లు వెళ్లలేదు. వెళ్తే నోటితో మందు పీల్చే పంపు ఇస్తారని, పంపు మొదలుపెడితే బతుకంతా వదలదని, పోలీసు డాక్టర్లకు తెలిస్తే పిల్లను తీసేస్తారని భయపడ్డారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. చీటీ ఇంట్లో ఉంది, ఆవిరి సాగింది.

శనివారం పెబ్బేరు సంత. ఆ రోజు పొద్దెక్కాక కుర్మయ్య బండి మీద కూతుర్ని తీసుకొచ్చాడు, వెనుక మల్లమ్మ పట్టుకుని కూర్చుంది. దింపేటప్పటికే నాకు తెలిసింది. మంజుల బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి ఉంది. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. ఏమైందని అడిగితే, “పొద్దున... ఉరికొచ్చి... ఆవిరి...” అని ఆగిపోయింది. మాటకూ మాటకూ మధ్య ఒక ఊపిరి. ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తి చేయలేని రోగి దగ్గర ఏ వైద్యుడూ ఆలస్యం చేయకూడదు. ఇది ప్రతిశ్యాయం కాదు, తమక శ్వాస, అంటే ఉబ్బసం. ఖాసింను అంబులెన్సుకు ఫోన్ చేయమన్నాను.

ఫోన్ పెట్టేసిన ఖాసిం ముఖంలో రంగు లేదు. అంబులెన్సు సంత అవతల ఉంది. ఎడ్ల లారీలు, ఆటోలు రోడ్డుకు అడ్డం పడి ఉన్నాయి, ఎప్పటికి వస్తుందో చెప్పలేం అన్నారట. నా చుట్టూ అలమారాల్లో మా తాతలు పొగిడిన మందులన్నీ ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ నిమిషానికి పనికిరాదని నాకు తెలుసు. ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, కిటికీలు తెరిచాను.

ఆ సమయంలో మల్లమ్మ భుజం మీది గొంగడి తీసింది. కొత్తది, మగ్గం మీది నుంచి అప్పుడే దించినట్టుంది. “పిల్ల వణుకుతున్నది, చలి పెడుతున్నది” అంటూ మంజుల తల మీదుగా కప్పింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. గొంగడి విప్పినప్పుడు ఆ ఎండలో సన్నటి నూగు లేచి పిల్ల ముఖం చుట్టూ తిరిగింది. మరు ఊపిరికే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, పెదవుల రంగు మారింది.

గొంగడి లాగి గుమ్మం బయట పడేశాను.

“ఏంది సారూ గది!” మల్లమ్మ కేక వసారా అంతా వినిపించింది. “మా దేవుడు బీరప్ప కూసున్న గొంగడి అది! పెండ్లికి పరుస్తం, పంచాయితికి పరుస్తం. గడప బయట ఇసిరేస్తవా?”

నేను ఆమెను ఒక్కటే అడిగాను. ఇన్ని రోజులూ ఆవిరికి కప్పుతున్నది ఇదేనా అని. “ఇది గాక? దుప్పట్ల ఉడుకు నిలుస్తదా? రెండు ఏస్తున్న, ఒకదాని మీద ఒకటి. ముదురుతున్నదని మొన్నటి సంది కొత్తది ఏస్తున్న” అంది.

కుర్మయ్య అప్పటికే ఆటో పిలిచాడు. సంత రోడ్డు వదిలి, కాలువ గట్టున ఊళ్ల మీదుగా వనపర్తికి తీసుకెళ్లాం. నేను మంజుల పక్కన కూర్చుని వీపుకు చేయి ఆనించి పట్టుకున్నాను. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆమె చేయి నా చొక్కా పట్టుకునేది. మధ్యలో ఒకచోట ఈల శబ్దం తగ్గింది. కుర్మయ్య తగ్గిందనుకుని దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఉబ్బసంలో మనిషి అలసిపోయినప్పుడు కూడా ఈల తగ్గుతుంది. ఊపిరి ఆడక నిశ్శబ్దమవుతుంది. ఆ మాట నేను కుర్మయ్యకు చెప్పలేదు. డ్రైవరుతో మాత్రం హారను మీద నుంచి చేయి తీయొద్దన్నాను.

దవాఖానలో ముక్కుకు మాస్కు కట్టి మందు పొగలా పట్టారు, ఇంజెక్షను ఇచ్చారు. డ్యూటీ డాక్టరు నా కొడుకు వయసువాడు. మీరేం ఇచ్చారని నన్ను కొంచెం గట్టిగానే అడిగాడు. ఏమిచ్చానో, ఏది ఆపమన్నానో, ఎప్పుడు రెఫర్ చేశానో నిలబడి వరుసగా చెప్పాను. అప్పుడు కుర్చీ చూపించాడు. సాయంత్రానికి మంజుల ఒక పూర్తి వాక్యం మాట్లాడింది. “అవ్వా, ఆకలైతున్నది.” మల్లమ్మ గోడకు తల ఆనించి ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పంపు రాశాడు. మల్లమ్మ దాన్ని ముట్టుకోలేదు. అది అలవాటు చేసే వస్తువు కాదని, ఊపిరితిత్తుల్లోకి నేరుగా మందు పంపే గొట్టమని, డాక్టరు చెప్పినన్నాళ్లు చెప్పినట్టే వాడాలని, ఈ సంగతి ఎవరి దగ్గరా దాచకూడదని నేను చెప్పాను. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర దీని మీద నవ్వుకున్నారని ఖాసిం చెప్పాడు. రాజవైద్యుల మనవడు ఇంగ్లీషు పంపు పట్టించిండు, ఇగ దవాఖానకు తాళమే అని. తన వల్ల కాని రోగిని మా తాత తన మేనాలోనే ఎక్కించి కర్నూలు పంపేవాడని, ఆ హద్దు తెలిసినందుకే సంస్థానం ఆయనను ఉంచుకుందని ఖాసింతో చెప్పాను. ఆ జవాబు హోటల్ దాకా చేరిందో లేదో నేను కనుక్కోలేదు.

రోగి ఇంటికి వెళ్లడం మా విధుల్లో లేదు. అయినా వెళ్లాను, ఖాసిం స్కూటరు వెనుక కూర్చుని. ఒక్క గొంగడి తీసేస్తే సరిపోతుందా అన్నది చూడాలి. ఇంట్లో అడుగుపెట్టగానే సంగతి అర్థమైంది. ముందు గదిలో గుంట మగ్గం. పక్కన ఉన్ని మూటలు. దసరా దాటాక గొర్లకు బొచ్చు కత్తిరిస్తారు. ఆ ఉన్నిని విల్లుతో ఏకి, దుమ్ము దులిపి, రాట్నం మీద వడుకుతారు. మల్లమ్మ ఏకుతుంటే గదంతా మంచులా నూగు. మంజుల చదువుకునేది, పడుకునేది ఆ మూటల పక్కనే. తుమ్ములు వయ్యారిభామవే కావచ్చు. ఛాతీ పట్టేది మాత్రం గాలి మారినందుకు కాదు, ఉన్ని ఇంటికి వచ్చినందుకు. తిమ్మాజిపేటలో ఉన్న రోజుల్లో ఛాతీ ఎలా ఉందని అడిగాను. మంజుల “గక్కడ ఏం కాలే సారు. ఆవిరి గూడ పట్టలే” అంది.

నేను చెప్పింది విని మల్లమ్మ రాట్నం ఆపింది. “గొంగట్ల కూసుని తినుకుంట బొచ్చు ఏరినట్టున్నది నీ మాట. ఈ ఉన్నితోటే దీని నాయిన పెరిగిండు, వాని నాయిన పెరిగిండు. ఎవనికి రాని రోగం దీనికెట్లొచ్చె?”

అందరికీ రాదు, కొందరి ఒంటికే పడదు అన్నాను. ఆమె ముఖం తిప్పుకుంది. కుర్మయ్య మాత్రం మగ్గం గుంట అంచున కూర్చుని తల ఎత్తకుండా అడిగాడు. “అయితే మగ్గం ఆపమంటవా సారు? గొర్లతోటి ఎల్తదా? నాకు వేరే పని తెల్వదు.”

కులవిద్య ఇంట్లోంచి వెళ్లిపోవడం ఎట్లా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. మగ్గం తీసేయమనే మాట నేను అనలేదు. పరుగు పరీక్ష దాకా పిల్లను తిమ్మాజిపేట పంపండి, ఇంటి నుంచి గొంగడి గాని, ఉన్ని అంటిన బట్ట గాని వెంట ఇవ్వకండి అన్నాను. మల్లమ్మ నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. కోపం చూపించే హక్కు ఆమెకు ఉంది.

తిమ్మాజిపేటలో మంజుల పంపు వాడుతూనే, నేను మొదట చెప్పిన పద్ధతులు మళ్లీ మొదలుపెట్టింది. ఉప్పునీళ్లు, నువ్వుల నూనె, పసుపు పాలు. ఆవిరి వద్దన్నాను. దుప్పటి ఉతికి ఎండలో ఆరేయడం, పరుగు నుంచి రాగానే స్నానం. ముక్కు తేలికపడింది. డాక్టరు చెప్పినట్టు మొదట నడక, తర్వాత నెమ్మది పరుగు. రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. ఫోన్ మోగినప్పుడల్లా నేను ముందు ఆమె మాటలు వినేవాణ్ణి కాదు, మాటల మధ్య ఊపిరి వినేవాణ్ణి. వాక్యం తెగకుండా వస్తే ఆ తర్వాత ఏం చెప్పిందో అడిగేవాణ్ణి. ఒక రోజు చలిగాలికి మళ్లీ దగ్గు వచ్చిందని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లింది, మోతాదు మార్చాడు, సర్దుకుంది.

పరుగు రోజు నేను దవాఖానలోనే ఉన్నాను. వచ్చిన రోగులను చూశాను గాని, ఒక ముసలాయనకు మోకాళ్ల తైలం బదులు దగ్గు లేహ్యం ఇవ్వబోతే ఖాసిం చేయి అడ్డం పెట్టాడు. “సారూ, ఈయన మోకాళ్లకు దగ్గు లేదు” అన్నాడు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. మంజుల ఆయాసపడుతోంది. అది పరుగు ఆయాసమని, పిల్లికూత కాదని రెండో ఊపిరికి తెలిసింది.

“సారు, అయిపోయింది, దాటిన. ఊపిరి మస్తు అందింది. కాళ్లే నొస్తున్నయి.”

కాళ్లకు మా దగ్గర తైలం ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మిగతా మెట్లు కూడా దాటి ఆమెకు ఉద్యోగం వచ్చేసరికి నేను పదవీ విరమణ చేశాను. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. వంటింటి మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. అది ఏ ఇంట్లో, ఏ గదిలో, ఏమి కప్పుకుని పుచ్చుకుంటున్నారో తెలియకుండా మందు చెప్పడం సగం వైద్యం. ఆకు పేరు, నీళ్ల కొలత అడిగినట్టే దుప్పటి సంగతీ అడగాలి. రెండోది, ముక్కు దాటి ఛాతీకి దిగిన రోగాన్ని చిట్కాతో ఆపాలని చూడకూడదు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న వైద్యాధికారికి ఈ రెండూ చెప్పాకే బాధ్యతలు అప్పగించాను.

పరుగు పరీక్ష అయిన పదిహేను రోజులకు, మంజుల తిమ్మాజిపేట నుంచి ఇంటికి రాకముందే, మల్లమ్మ మగ్గం కర్రలు, విల్లు, రాట్నం బండిలో వేయించి పెబ్బేరు సంతలో అమ్మకానికి పెట్టింది. కొడుకును అడగలేదు, నన్నూ అడగలేదు. మగ్గంగా కొనేవాళ్లు ఎవరూ రాలేదు. ఒక హోటల్ యజమాని పొయ్యి కట్టెల కింద కొనుక్కుపోయాడు.